నీడవైపు చెంప

మ్యూజియం, రెండో అంతస్తు
మార్చి 4

అక్కకు,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఏడాదిగా నువ్వు వీడియో కాల్ ఎత్తడం లేదు. మామూలు కాల్ చేస్తే "షాపులో మనుషులున్నార్రా" అని పెట్టేస్తున్నావు. హాస్టల్లో ఉన్నప్పుడు వారానికో ఉత్తరం రాసి నన్ను ఉత్తరాలకు అలవాటు చేసింది నువ్వే కనుక ఈ శిక్ష నీకు తప్పదు. పైగా ఇందులో ఒక బొమ్మ పెడుతున్నాను. మొహాన్ని ఫోన్లో కాదు, కాగితం మీద చూడాలనేది నీ మాటే.

ఇది అయిదు వందల ఏళ్ల కిందటిది. పునరుజ్జీవన కాలంలో ఎవరో పేరు తెలియని చిత్రకారుడు చెక్క పలక మీద నూనె రంగులతో వేశాడు. పలక ఎత్తు రెండు జానలు. ఒక నలభై దాటినావిడ, నల్ల గౌను, తల మీద తెల్లటి ముసుగు. మొహం ముప్పాతిక మనవైపు తిరిగి ఉంటుంది. ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప మీద నీడ. మూతి గీత గీసినట్టు ఉంటుంది. మా వాళ్లందరూ ఆవిణ్ని అత్తగారు అంటారు. పొద్దున్నే గది తాళం తీసే ఆయన కూడా "అత్తగారు లేచారా" అనే లోపలికి వస్తాడు.

గోడ మీద చీటీలు రాయడం నా ఉద్యోగమని నీకు తెలుసు. బొమ్మ పక్కన అరవై మాటల్లో ఆ బొమ్మేమిటో చెప్పాలి. జులైలో కొత్త హాలు తెరుస్తున్నారు, అందులో అత్తగారికి మంచి చోటు ఇచ్చారు. పాత చీటీలో ఇలా ఉంది: "గర్వము, ఆధిక్యభావము ఉట్టిపడు సంపన్న వనిత." ముప్పై ఏళ్ల కిందట దాన్ని రాసింది ఇప్పటి మా పెద్దాయనే. కొత్తది రాయమంటాడు కాని, రాసింది చూస్తే తన పాత వాక్యం ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. ఈవిడ మనసులో ఏముందో నాకు అంతుబట్టడం లేదు. నువ్వు పాతికేళ్లుగా స్టూడియోలో మొహాలు చూస్తున్నదానివి. చూసి చెప్పు.

ఇంకో సంగతి. ఆగస్టు తొమ్మిదికి పాపకు ఏడాది నిండుతుంది. నువ్వు రావాలి. మీ మరదలితో ఆ మాట అంటే "రమ్మని రాయండి, వస్తే చూద్దాం" అంది. ఆ గొంతు నీకు వినిపించాలని లేదు. నవంబరులో నువ్వొచ్చి రెండు రోజులుండి వెళ్లిన దగ్గర్నుంచి ఇంట్లో నీ మాట వస్తే గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడవుతున్నాయి. అప్పుడు నువ్వు తీసి పంపిన మన నలుగురి ఫోటో మాత్రం హాల్లోనే ఉంది.

నీ తమ్ముడు


స్టూడియో, ముందు గది
మార్చి 15

ఒరేయ్ తమ్ముడూ,

నీ అత్తగారిని లైటు బల్ల మీద పెట్టి మూడు రోజులు చూశాను. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు ఎవరీవిడ అని అడిగారు. మా తమ్ముడి ఆఫీసులో పనిచేస్తుంది అన్నాను.

ముందు ఒకటి రాసుకో. ఈవిడకు గర్వం లేదు. మొహం సంగతి తర్వాత, చేతులు చూడు. గర్వం ఉన్నవాళ్లు కెమెరా ముందు కూర్చుంటే చేతుల సంగతే మరచిపోతారు, అవి ఎక్కడ పడితే అక్కడ పడి ఉంటాయి. ఈవిడ ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చోట చర్మం నొక్కుకుపోయింది. ఆ చిత్రకారుడెవరో గాని దాన్ని వదిలిపెట్టకుండా వేశాడు, మహానుభావుడు. కూర్చోవడం కూడా కుర్చీ అంచునే కూర్చుంది. నా స్టూలు మీద రోజుకు పదిమంది అలా కూర్చుంటారు. వాళ్లను చూసినవాళ్లు పొగరనుకుంటారు. వాళ్లకేమో ఎప్పుడు లేచిపోదామా అని ఉంటుంది.

మొన్న ఒకాయన ఉద్యోగం కార్డు ఫోటో కోసం వచ్చాడు. కరవడానికి వచ్చినట్టు చూశాడు. నాలుగు తీశాను, నాలుగింటిలోనూ కరవడమే. అయిదోది తీసేలోపు తుమ్మొచ్చింది. తుమ్మి, సిగ్గుపడి, నావైపు చూశాడు. అప్పుడు నొక్కాను. ఎంత మెత్తని మనిషో అప్పుడు తెలిసింది.

ఒక్కటి మాత్రం నాకు కుదరడం లేదు. ఆ మూతి. బిగించిన మూతి అయితే గడ్డం మీద చిన్న చిన్న సొట్టలు పడతాయి. ఈవిడ గడ్డం నున్నగా ఉంది. అంటే బిగించలేదు. మరి ఆ గీతేమిటి? మిగతా మొహంతో పొసగడం లేదు. నీడవైపు చెంపను పెద్దది చేసి తీయించి పంపు. కన్ను, ముక్కు పక్క ముడత, మూతి కొస, మూడూ స్పష్టంగా కనపడాలి.

ఆగస్టంటావా, బడులు తెరిచాక పిల్లల గుర్తింపు కార్డుల ఫోటోలతో ఊపిరి సలపదు. చూద్దాం. పాపకు గౌను కుట్టించి పంపిస్తాను, కొలతలు రాయి. నేను రాకపోతే పుట్టినరోజు ఆగిపోదు కదా.

అక్క


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 10

అక్కకు,

నువ్వడిగిన ఫోటో పెడుతున్నాను. బొమ్మను శుభ్రం చేయడం మొదలుపెట్టారు కనుక దగ్గరగా తీయడం కుదిరింది. ఆ పని చేసే ఆవిడను దూదావిడ అంటాం. పుల్లకు దూది చుట్టి, ఏదో మందులో ముంచి, గోరంత మేర తుడుస్తుంది. తుడిచిన దూది బెల్లం రంగులోకి మారుతుంది. ఆమె మాట్లాడడం తక్కువ. రోజంతా అత్తగారూ ఆమే ఎదురెదురుగా కూర్చుని ఉంటారు.

పెద్దాయనకు నీ చేతుల సంగతి చెప్పాను. "మీ అక్కగారు ఫోటోగ్రాఫరు కదా, ఫోటోలు వేరు, కళ వేరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది కాని, తల ఊపి వచ్చేశాను.

ఇక అసలు సంగతి. నిన్న మీ మరదలికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "నేను రాకపోతే పుట్టినరోజు ఆగిపోదు" దగ్గర నన్ను ఆపింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. నేను మధ్యలో నీళ్లు కలిపి కలిపి అలసిపోయాను.

"రెండు రోజుల్లో మీ అక్క నా బిడ్డను చూసి ఒక్కసారి నవ్వలేదు. పరాయివాళ్ల సామాను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. జలుబని మూతికి రుమాలు అడ్డం పెట్టుకుంది, ఒక్క తుమ్మయినా తుమ్మిందా? నా ఇల్లు కంపు కొట్టిందేమో ఆవిడకు."

నిజానికి నాకూ అలాగే అనిపించింది. అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ తర్వాత నేను చూసి పెరిగిన మొహం నీదొక్కటే. ఆ మొహం నా కూతుర్ని చూసి అలా ఉంటే, నేను పెళ్లి చేసుకోవడం, నా సంసారం, ఏదో నీకు నచ్చలేదనుకున్నాను. అడిగే ధైర్యం లేక అత్తగారి మీదుగా వస్తున్నాను. నీకు మా మీద ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే ఆగస్టుకు రా. ఈసారి కూడా రాకపోతే మీ మరదలు ఇక పిలవదు. పిలవమని నేనూ అడగలేను.

నీ తమ్ముడు


స్టూడియో, పై గది
మే 2

తమ్ముడికి,

నాకు మీ మీద ఏమీ లేదు. నీ సంసారం నాకు నచ్చకపోవడమేమిటి? ఆ పిల్లను నీకు చూపించిందే నేను, మరచిపోయావా? ఆమె అన్నదాంట్లో తప్పు లేదు, చూసిందే అంది. ఆమెను ఏమీ అనకు.

నీ అత్తగారి సంగతి తెలిసింది. అది రాస్తాను.

నీడవైపు కన్ను చూడు. వెలుగువైపు కన్ను కంటే చిన్నది. చిత్రకారుడికి చేతకాక కాదు, మణికట్టు మీద నొక్కు వేసినవాడికి రెండు కళ్లు సమానంగా వేయడం రాదా? అదే వైపు, ముక్కు పక్కనుంచి కిందికి దిగే ముడత రెండోదాని కంటే లోతుగా ఉంది. ఈ రెండూ కలిసి ఒకే వైపు ఉంటే దాని అర్థం ఒకటే. ఈవిడకు ఎప్పుడో మొహం ఒక పక్క పడిపోయింది. తర్వాత చాలావరకు నయమైంది. ఊరికే ఉంటే ఎవరికీ తెలియదు. నవ్వితేనే తెలుస్తుంది.

నాకు తెలిసిన ఒకావిడకు ఇలాగే అయింది. ఒకరోజు పొద్దున లేచి నోరు పుక్కిలిస్తే నీళ్లు ఒక పక్కనుంచి వాటంతటవే కారిపోయాయట. అద్దంలో చూసుకుంటే ఎడమ పక్క తనదే, కుడి పక్క ఎవరిదో. డాక్టరు ఇది పక్షవాతం కాదమ్మా, మొహం నరం వాచింది, తగ్గుతుంది అన్నాడు. నిజంగానే తగ్గింది, ముప్పావు వంతు. ఆ పావువంతే చంపుతుంది. నవ్వితే ఎడమ మూల పైకి లేస్తుంది, కుడి మూల ఉన్నచోటే ఉంటుంది. దానికి బదులు కుడి కన్ను మూసుకుపోతుంది. ఎదుటివాళ్లకు అది వెక్కిరించినట్టో, కన్నుకొట్టినట్టో ఉంటుంది. ఎవరో పెద్దమనిషి ఆమె నవ్వు చూసి "ఏమ్మా, మూతి వంకర్లు తిప్పుతున్నావు" అన్నాడట. దాంతో ఆమె నవ్వడం మానేసింది. మానేస్తే ఏమైంది? ఊరంతా పొగరన్నారు. వెక్కిరింత కంటే పొగరే నయమని ఊరుకుంది.

నీ అత్తగారు కూడా అంతే. చిత్రకారుడి ముందు కూర్చుని, నవ్వకుండా ఉండడానికి మణికట్టు పట్టుకుంది. ఆ మహానుభావుడు ఆమె బాగులేని పక్కను నీడలో పెట్టాడు. మేమూ అదే చేస్తాం, ప్రతి మనిషికీ ఒక మంచి పక్క ఉంటుంది, అటు తిప్పి కూర్చోబెడతాం. చీటీ మీద ఇలా రాయి: ఈమె గర్విష్ఠి కాదు, దాచుకున్న మనిషి. దాచుకున్నవాళ్లను అలా వదిలేయడం మర్యాద అని కూడా రాయి, మాటలు మిగిలితే.

పాప కొలతలు నువ్వింకా రాయలేదు.

అక్క


మ్యూజియం, దూదావిడ గది
జూన్ 6

అక్కా,

రెండు సంగతులున్నాయి. మొదటిది అత్తగారిది, రెండోది నీది. వరసగానే చెబుతాను, ముందే కింద చూడకు.

నీ ఉత్తరాన్ని దూదావిడకు చదివి వినిపించాను. నీకు తెలిసిన ఆవిడ సంగతి వదిలేసి కన్నూ ముడతా వరకే చదివాను. ఆమె గది చీకటి చేసి నీలం దీపం వెలిగించింది. ఆ వెలుగులో పాత రంగు ఒకలా, తర్వాత ఎవరైనా పూసిన రంగు నల్లటి మచ్చలా కనిపిస్తాయి. కన్ను దగ్గర మచ్చ లేదు. ముడత దగ్గర లేదు. మూతి మీద ఉంది. వెలుగువైపు మూల మీద, చిటికెన వేలి గోరంత.

పెద్దాయన రెండు వారాలు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ మూతి మీదే కదా ఆయన వాక్యం నిలబడింది. చివరికి దూదావిడ "అది ఆవిడ మూతి కాదండీ" అని ఒక్క మాట అంది. ఆమె నోట అంత పెద్ద వాక్యం వినడం ఆయనకూ అదే మొదలనుకుంటాను, సరే అన్నాడు.

నాలుగు రోజులు తుడిచింది. పైరంగు పోయింది. కింద అసలు మూతి ఉంది. అక్కా, ఆవిడ నవ్వుతోంది. వెలుగువైపు మూల పైకి లేచి ఉంది. నీడవైపు మూల ఉన్నచోటే ఉంది. ఆ పక్క కన్ను అందుకే చిన్నదయింది, అది జబ్బు మిగిల్చిన కన్ను కాదు, నవ్వుతున్న కన్ను. నువ్వు జబ్బు సరిగ్గా పట్టుకున్నావు, మనిషిని పట్టుకోలేకపోయావు. ఆవిడ దాచుకోలేదు. ఎదురుగా కూర్చుని వంకర నవ్వు నవ్వి, వేసుకో అంది, ఆయన వేశాడు. మణికట్టు ఎందుకు పట్టుకుందో నాకు తెలియదు, బహుశా పగలబడి నవ్వకుండా కాబోలు. వందా నూటయాభై ఏళ్ల తర్వాత, ఆవిడ ఎవరో కూడా తెలియనివాడెవడో, ఈ వంకర బాగాలేదని తిన్నగా చేశాడు. ఆ రోజునుంచి ఆవిడ గర్విష్ఠి అయింది.

పెద్దాయన చాలాసేపు నిలబడి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ముప్పై ఏళ్లు తిట్టాను ఈవిణ్ని" అని వెళ్లిపోయాడు. ఆయన మీద నాకున్న కోపం ఆ పూటతో పోయింది.

ఇప్పుడు రెండోది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి హాల్లో మన ఫోటో ముందు నిలబడ్డాను. నువ్వు కెమెరాను స్టాండు మీద పెట్టి, పరుగున వచ్చి పాపను ఎత్తుకుని నిలబడినది. మర్నాడు దూదావిడను అడిగి భూతద్దం తెచ్చుకున్నాను. నీ కుడి చెంప మీద, మూతికి అంగుళం దూరంలో, అమ్మవారు పోసినప్పుడు పడిన చిన్న గుంట ఉంటుంది. అమ్మ పోయాక చాలా రోజులు దాంట్లో వేలు పెట్టుకుని నిద్రపోయేవాణ్ని. నాకు అది ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలుసు.

ఫోటోలో నీకు రెండు గుంటలున్నాయి. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క సరిగ్గా అదే చోట ఇంకొకటి.

నవ్వని సగాన్ని తిప్పి నవ్విన సగం మీద అతికించావు. ఊళ్లోవాళ్ల మొటిమలన్నీ చెరిపే నీ చెయ్యి నీ గుంట దగ్గర తడబడింది. నీకు తెలిసిన ఆవిడ ఎవరో నాకు తెలిసింది. రుమాలు ఎందుకో తెలిసింది. వీడియో కాల్ ఎందుకు ఎత్తవో తెలిసింది. జబ్బుపడిన మనిషివి, ఒక్క మాట చెప్పకుండా ఒక్కదానివే అద్దం ముందు కూర్చున్నావు. నేనేమో పొగరనుకున్నాను. నన్ను పెంచిన మొహాన్ని నేనే చదవలేకపోయాను, ఊళ్లో బొమ్మలకు చీటీలు రాస్తున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

మీ మరదలికి చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు. కాని అసలు ఫోటో నీ దగ్గర ఉండే ఉంటుంది. నువ్వు ఎవరి ఫోటోనూ పారేయవు.

నీ తమ్ముడు


స్టూడియో, పై గది
జూన్ 27

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు షాపు తెరవలేదు. మూడో రోజు తెరిచాను. మొదట వచ్చిన ముసలాయన "అమ్మా, మీకు ఒంట్లో బాగోలేదా" అన్నాడు. ఏడిచాను అన్నాను. ఈ వయసులో అబద్ధాలు మోయడం కూడా బరువే.

పోయినేడు ఫిబ్రవరి. అప్పటికి నీ పెళ్లానికి మూడో నెల, వాంతులతో మంచం దిగడం లేదని నువ్వు రోజూ దిగులుపడుతున్నావు. ఆ టైములో నా మూతి గోల ఎందుకని చెప్పలేదు. ఆ తర్వాత చెప్పే వేళ దాటిపోయింది. రోజూ అద్దం ముందు బుగ్గలు పూరించడం, ఈల వేయడం, డాక్టరు చెప్పినవన్నీ చేశాను. ఈల మాత్రం ఇప్పటికీ రాదు.

నీకు అర్థంకాని ఇంకో సంగతి ఉంది. నా మొహమే నా షాపు బోర్డు. నేను నవ్వితే ఎదుటివాళ్లు నవ్వేవాళ్లు, అప్పుడు నొక్కేదాన్ని. నేను మానేసిన దగ్గర్నుంచి నా స్టూడియోలో దిగిన ఫోటోలన్నీ బిగుసుకుపోయాయి. పెళ్లికూతుళ్లు కూడా నేరం చేసి వచ్చినవాళ్లలా ఉంటున్నారు. ఒకామె చెప్పేసింది, "మీ దగ్గర ఇదివరకటిలా రావడం లేదండీ" అని. నాకు చేతనైన పని అదొక్కటే తమ్ముడూ. అది పోతుందేమోనని భయపడ్డాను.

నవంబరులో వచ్చాను. మూడు నెలల పిల్ల, కొత్తగా మొహాలు చూడడం నేర్చుకుంటోంది. అది మొదట నేర్చుకునే మొహాల్లో ఇది ఉండకూడదనుకున్నాను. మరదలు చూస్తే వెక్కిరించానని అనుకుంటుందనుకున్నాను. అందుకే రుమాలు. మీరిద్దరూ గదిలో లేనప్పుడు మాత్రం దానితో చాలా మాట్లాడాను. ఫోటో తీసేటప్పుడు అది నా మెడ కింద వేళ్లు పెట్టింది. నాకు తెలియకుండానే నవ్వేశాను. అప్పుడే కెమెరా నొక్కుకుంది.

తర్వాత కంప్యూటర్లో ఆ మొహం చూస్తే నాకే భయం వేసింది. రెండు పూటలు కూర్చుని తిన్నగా చేశాను. కన్ను కూడా తెరిచాను. పాతికేళ్ల పనితనం అంతా పెట్టి, ఆ గుంటను చూసుకోలేదు. దాన్ని గుర్తుపట్టేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడింటికే పంపాను.

నీ అత్తగారి కొత్త ఫోటో పంపావు కదా. దాన్ని రోజూ చూస్తున్నాను. మొదట కోపం వచ్చింది. దాచుకుందని ఎంత ప్రేమగా రాశాను, ఈవిడేమో నా మాట నిలబెట్టకుండా నవ్వుతోంది. ఇప్పుడు కోపం లేదు. ఆవిడ అందంగా లేదురా, కాని ఆవిడతో కాసేపు కూర్చోవాలని ఉంటుంది. పాత మూతితో ఉన్నప్పుడు నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు.

ఇందులో ఇంకో కవరు ఉంది. మరదలి పేరున పెట్టాను, అంటించాను. అసలు ఫోటో దాంట్లో ఉంది. వెనకాల నాలుగు ముక్కలు రాశాను. నువ్వు తెరవకు. ఆమె తెరవాలనుకుంటే తెరుస్తుంది, లేకపోతే అలాగే తిప్పి పంపెయ్. రమ్మని ఆమె అంటేనే వస్తాను. నువ్వంటే రాను.

అక్క


ఇల్లు, వంటగది బల్ల
జులై 19

అక్కకు,

కవరు ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకుని పాప పడుకున్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను బయట కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను, ఎన్ని తరిగానో, ఆ పూట కూర ఇరుగుపొరుగులకు కూడా సరిపోయింది. కాసేపటికి బయటికి వచ్చింది. స్టూలు వేసుకుని హాల్లో ఫోటో దించింది. వెనక మేకులు తీసింది. పాతది తీసి, కొత్తది పెట్టి, మళ్లీ తగిలించింది. తర్వాత స్టూలు మీదే కూర్చుని ఏడ్చింది.

కొత్త హాలు తెరిచారు. చీటీ ఇదిగో, పెద్దాయన ఒక్క అక్షరం మార్చలేదు:

"ఈమె పేరు తెలియదు. చిత్రకారుడి పేరూ తెలియదు. ఈమెకు ఎప్పుడో జబ్బు చేసి మొహంలో ఒక పక్క సరిగా కదిలేది కాదు. అయినా నవ్వింది. చిత్రకారుడు ఆ నవ్వును ఉన్నది ఉన్నట్టు వేశాడు. తర్వాతి వాళ్లెవరో దాన్ని తిన్నగా దిద్దారు. అప్పటినుంచి చూసినవాళ్లందరూ ఈమెను గర్విష్ఠి అన్నారు. మేమూ అన్నాం. ఈ ఏడాది దిద్దుబాటు తీసేశాం. ఈ మొహాన్ని మొదట సరిగా చూసినది ఒక ఫోటోగ్రాఫరు."

అరవై మాటల కంటే తక్కువే. మిగిలినవి నీ మర్యాదకు వదిలేశాను. జనం ఆవిడ ముందు ఆగుతున్నారు. ఆగినవాళ్ల మూతులు వాళ్లకు తెలియకుండానే ఒక పక్కకు లేస్తున్నాయి. నీ షాపులో జరగాల్సింది ఇక్కడ జరుగుతోంది. తాళం తీసే ఆయన అత్తగారు అనడం మానేశాడు. ఇప్పుడు "అక్కగారు లేచారా" అంటున్నాడు. నేను చెప్పలేదు, నిజం.

కింద మీ మరదలు రాస్తానంటోంది.

నీ తమ్ముడు

వదినా, ఎనిమిది నెలలు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అనుకున్నాను. కొంత మీ తమ్ముడికి వినపడేలా, చాలా వినపడకుండా. ఒక్క మాట చెప్పి ఉంటే మీ జబ్బు రోజుల్లో నేను వచ్చి వండిపెట్టి ఉండేదాన్ని. కోపం ఇంకా ఉంది, కాని ఇప్పుడు అది వేరే కోపం. ఫోటో వెనక మీరు రాసింది ఎవరికీ చూపించను. పాప రోజూ ఫోటో దగ్గరికి ఎత్తుకోమంటుంది. మిమ్మల్ని చూసి మీలాగే ఒక కన్ను మూయబోతుంది, చేతకాక రెండూ మూసేస్తుంది. అప్పుడు మూతి కూడా ఒక పక్కకు పోతుంది. అచ్చం మీరే. తొమ్మిదో తారీకుకు రండి. రుమాలు తెస్తే గుమ్మంలోనే తీసేసుకుంటాను.


స్టూడియో, ముందు గది
జులై 28

మరదలికి,

ఎనిమిదో తారీకు పొద్దుటి బండికి వస్తున్నాను. గౌను కుట్టించాను, కొలతలు ఎవరూ రాయలేదు కనుక ఒక వేలు వదులుగా ఉంటుంది. ఈసారి ఫోటో నువ్వు తీయాలి, నేను పాపతో నిలబడతాను. దిద్దడాలేవీ ఉండవు.

నిన్న ఒక పిల్ల బడి ఫోటోకు వచ్చింది, బిగుసుకుని కూర్చుంది. నేను నవ్వాను. అది కాసేపు నా మొహం వంకే చూసి, "ఆంటీ, మీ కన్ను నిద్రపోయింది" అని నవ్వింది. అప్పుడు నొక్కాను. ఏడాదిన్నరలో నేను తీసిన మంచి ఫోటో అదే.

పాపకు ఒక కన్ను మూయడం ఎవరూ నేర్పకండి. నేను వచ్చేదాకా రెండూ మూయనివ్వండి.

వదిన